బెండు పైపు మొదలు జాలీ వరకు

యంత్రమును కన్నులతో చూడకయే, చప్పుడునుబట్టి దాని సుస్తీని చెప్పగల జనులు ఏ యూరనైనను కొలదిమందియే యుందురు. బిలాస్‌పూరు రైల్వే కాలనీలయందు మాత్రము అట్టివారికి కొదవలేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూరునుండి రాజనందగావ్ వరకు అదివరకే యుండిన మీటరు గేజి మార్గమును గైకొని, దానిని బ్రాడ్ గేజిగా మార్చి, 1891 నాటికి ఆసన్‌సోల్ వరకు పొడిగించుచు, నడుమ ఈ యూరిని కూడలిగా నిలిపిన నాటినుండి, ఇంజనులను విప్పుటయు, కడుగుటయు, కూర్చుటయు, బిగించుటయు ఇచట తండ్రినుండి కొడుకునకు సంక్రమించు విద్యయైనది. వాల్తేరు–ఖరగపూరు మార్గమున కొందరును, 1931లో రాయపూరు–విజయనగరము లైను పూర్తియైన పిమ్మట ఆ దారివెంట మరికొందరును, శ్రీకాకుళము మొదలు విశాఖపట్టణము వరకు గల పల్లెలనుండి కలాసీలుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా తరలివచ్చిన తెలుగువారు ఆ విద్యకు వారసులైరి. కంపెనీ 1944లో ప్రభుత్వపరమయ్యెను. 1955లో ఆగ్నేయ రైల్వేలో భాగమయ్యెను. 2003 ఏప్రిల్ 1వ తేదీనుండి బిలాస్‌పూరే ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన స్థానమయ్యెను. పేర్లు మారినవి గాని, పానా పట్టు చేతుల వాటము మారలేదు.

ఆవిరి యింజను భట్టీలో బొగ్గు చల్లిన తాతల మనుమలు నేడు సీజీ 10 అను ఫలకము గల బుల్లెట్లమీద బుధవారీ బజారు చుట్టి వచ్చుచున్నారు. ఆ బండికి కంపెనీవారు అమర్చిన సైలెన్సరు వారికి రుచింపదు. అది పెండ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషివలె గొంతు తగ్గించి మాటాడునని వారి ఫిర్యాదు. కావున తొలి జీతమందిన నెలలోనో, పండుగ బోనస్సు చేతికి వచ్చిన వారముననో, దానిని విప్పించి వేరొక గొట్టమును తగిలింపజూతురు. ఏ గొట్టము మేలు, ఏది కీడు అని యీ యూర జరుగు వాదములన్నియు దాని వెనుక కొసను, అనగా చప్పుడు వెలువడు చోటును గూర్చియే జరుగుచుండును. నేను వ్రాయబూనినది ముందు కొసను గూర్చి: గొట్టము ఇంజను హెడ్డును కలియు జాగాను గూర్చి, అచట నుండు రెండు నట్లను గూర్చి, వాని నడుమ నలిగి కనుమరుగగు ఒక చిన్న వలయమును గూర్చి. బండి సుఖమును, గొట్టము ఆయువును, చప్పుడుయొక్క మర్యాదయు ఆ జాగాలోనే నిర్ణయమగునని నా యభిప్రాయము.

బజారున దొరకు గొట్టముల పేర్లు వినదగినవి. పొడుగు సీసా ఆకారము గలది లాంగ్ బాటిల్; పొట్టిది షార్ట్ బాటిల్; మొదట సన్నమై చివర విప్పారునది మెగాఫోన్. ఇంగ్లండున 1938 మొదలు 1963 వరకు తయారైన బీఎస్ఏ గోల్డ్‌స్టార్ అను బండి సైలెన్సరును అనుకరించినది గోల్డ్‌స్టార్ పేరనే చెల్లుచున్నది. దానిని కొనువారిలో ఆ బండిని కన్నుల జూచినవారు బహు స్వల్పము. ఇండోరీ, పంజాబీ అని ఊళ్ళ పేర పిలువబడునవియు గలవు. లోపల గ్లాస్‌వూల్ దట్టించి చప్పుడును పీల్చుకొనునది ఒక తెగ. రేకు అరలు కూర్చి చప్పుడును త్రిప్పి త్రిప్పి అలయించునది మరియొక తెగ. లోపలి చిల్లుల గొట్టమునకు మెకానిక్కులు పెట్టిన పేరు జాలీ. ఆ జాలీని ఊడబెరికి ఖాళీ డొల్లను తగిలించుకొని తిరుగుటను సైలెన్సరు మార్చుట యని చెప్పుటకు నాకు నోరురాదు. కొందరు గొట్టమును రాయపూరునుండి తెత్తురు. మరికొందరు విశాఖలోని మేనమామచే కొనిపించి కోర్బా ఎక్స్‌ప్రెస్సులో తెప్పించుకొందురు. బెర్తు క్రింద గోనెసంచిలో చుట్టి పరుండబెట్టిన ఆ పొడుగు మూటను జూచి టీటీఈ ఏమనుకొనునో!

సైలెన్సరు మోటారు బండితోపాటే పుట్టినది. అమెరికాలో ఇండియానా రాష్ట్రమునకు చెందిన రీవ్స్ సోదరులు 1897లోనే దానికి పేటెంటు పొందిరి. మరతుపాకిని కనిపెట్టి లోకమున క్రొత్త మోతను పుట్టించిన హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ కుమారుడగు హైరమ్ పెర్సీ మాక్సిమ్, 1909లో తుపాకి చప్పుడు నణచు సాధనమునకు పేటెంటు పొంది, అదే సూత్రమును ఇంజనులకును వర్తింపజేసెను. తండ్రి చేసిన మోతకు కొడుకు ప్రాయశ్చిత్తము! ఇంగ్లండులో సర్రే మండలమున 1907లో తెరచిన బ్రూక్లండ్స్ పందెపు బాటకు చుట్టుపట్ల నివసించువారు మోత భరింపలేక న్యాయస్థానమునకెక్కగా, 1920లనాటి యా తగవు ఫలితముగా పందెపు బండ్లకు సహితము చేపతోక ఆకారపు చివరగల పెద్ద డబ్బా సైలెన్సరు విధింపబడెను. దుకాణమున వ్రేలాడు స్పోర్ట్స్ గొట్టములను జూచి, పందెపు బండికి సైలెన్సరే యుండదని భ్రమపడు పిల్లవాండ్రకు ఈ వృత్తాంతము తెలియదు.

రైల్వే యూరివారు మోతను ప్రేమించుటకు ఒక న్యాయమైన కారణము గలదనుకొందును. ఆవిరి యింజనునందు చప్పుడు వృథాగా పోదు. సిలిండరులలో పనిచేసి అలసిన ఆవిరి, పొగడబ్బాలోని బ్లాస్ట్ పైపు మూతినుండి పైకెగసి చిమ్నీగుండ వెడలుచు, తనవెంట భట్టీలోని గాలిని లాగును. ఆ లాగుడువలననే నిప్పు రాజుకొనును. ఆ నిప్పువలననే మరల ఆవిరి పుట్టును. రెండు సిలిండరుల యింజను, చక్రము ఒక్క చుట్టు తిరుగులోపల నాలుగు నిశ్వాసములు విడుచును. అవి నాలుగును సమముగా వినబడనిచో వాల్వుల అమరిక తప్పెనని డ్రైవరు గుర్తించును. అట్టి యింజనుల నడుమ మూడు తరములు బ్రదికిన కాలనీలో, చప్పుడు బలమునకు గుర్తు అను భావము నాటుకొనుటలో వింతయేమున్నది? బుల్లెట్టునందును వెడలు వాయువు కొంత పని చేయకపోదు. ఆ పని మాత్రము చెవికి వినబడునది కాదు.

నాలుగు స్ట్రోకుల ఒంటి సిలిండరు ఇంజను రెండు చుట్లకొకమారు పేలును. నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగునపుడు సెకనునకు ఇరువదియైదు మారులు కాలిన వాయువు గొట్టములోనికి దూకును. ఒక్కొక్క దూకునకు ఒక యొత్తిడి తరంగము పుట్టి, ఆ కాగిన వాయువునందు సెకనునకు సుమారు ఐదువందల మీటర్ల వేగమున పరుగెత్తి, గొట్టము వెడల్పగు చోటును చేరి, అచట తలక్రిందై, అనగా ఒత్తిడి పోయి లాగుడుగా మారి, మరల వెనుకకు వచ్చును. అది హెడ్డును చేరువేళకు ఎగ్జాస్టు వాల్వు ఇంకను తెరచియుండెనా, సిలిండరులో మిగిలిన వాయువును తానే లాగివేసి క్రొత్త మిశ్రమమునకు చోటు చేయును. గొట్టము పొడవును, లోకొలతయు, వెడల్పగు స్థానమును ఈ లెక్కనుబట్టియే యేర్పడినవి. బ్యాక్ ప్రెషరు లేకున్న బండి లాగదని దుకాణములలో చెప్పుకొనుమాట సగమే నిజము: ఇంజను అడ్డంకిని కోరదు, వేళకు మరలివచ్చు తరంగమును కోరును. జాలీ తీసిన డొల్లయందు ఆ తరంగము వేళ తప్పును. అందుచేత మోత హెచ్చియు, ఊరి వీధులలో నడుపు మందవేగములయందు లాగుడు తగ్గుట పలువురకు అనుభవమే. చెవి మాత్రము బలము పెరిగెనని దొంగసాక్ష్యము చెప్పుచుండును.

ఇక బిగింపు సంగతి. ఇంజను పూర్తిగా చల్లారియుండవలెననునది మొదటి నియమము; అందరును తొందరపడి మీరునదియు అదియే. హెడ్డు చేరువ గొట్టము కొన్ని వందల డిగ్రీల వేడికెక్కును. చేయి కాలుట యటుండగా, వేడిమీద అల్యూమినియపు హెడ్డునుండి ఉక్కు స్టడ్డును మెలిపెట్టినచో మరలతోకూడ ఊడివచ్చును. ముందునాటి రాత్రియే నట్లమీద తుప్పు వదలించు నూనెను చుక్కలుగా వేసి యుంచుట తెలిసినవాని లక్షణము. నట్టు కదలనిచో రవంత బిగించి, మరల వదులు చేసి, మరల బిగించి, అటునిటు నూపుచు ఓర్పుతో తీయవలెను. పానాకు పొడుగు పైపు తొడిగి ఒక్క లాగు లాగుమని కుర్రవాడు తొందరచేయునపుడు, ఉత్తరాంధ్రనుండి వచ్చి స్థిరపడిన మేస్త్రీ చెప్పు సమాధానము ఈ తీరున నుండును: “ఉండ్రా బాబూ, స్టడ్డు ఇరిగిందంటే హెడ్డే ఇప్పాల. సైలెన్సర్ డబ్బులు నువ్విస్తావు, హెడ్డు డబ్బులు ఎవులిస్తారు?” పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్టు గలవారికి ఈ స్టడ్డుల బెడద లేదు, అందు బెండు పైపు, అనగా హెడ్డునుండి వెడలు వంపు గొట్టము, హెడ్డు రంధ్రమునందే బిర్రుగా దూరి నిలుచును. ఐనను ఆ బిర్రు తప్పిననాడు పైపు ఊగులాడి రంధ్రమునే అరగదీయును గనుక, వారికి వేరొక బెడద.

గొట్టమూడిన పిమ్మట హెడ్డు రంధ్రములోనికి దీపము వేసి చూడవలెను. పాత గ్యాస్‌కెట్టు వలయము అచట నల్లగా అణగి, అంటుకొని, హెడ్డులో భాగమేమో యనిపించునట్లుండును. దానిని గమనింపక దానిమీదనే క్రొత్తదానిని పెట్టుట దుకాణములలో అతి తరచుగా జరుగు పొరపాటు. రెండు వలయములు ఒకదానిపై నొకటి సమముగా కూర్చుండవు, గొట్టమును హెడ్డునకు పట్టియుంచు ఫ్లాంజి ఒరగును, ఒక ప్రక్క బిగిసి రెండవ ప్రక్కనుండి వాయువు కారును. పాతదానిని రంధ్రపు టంచు గీరుకొనకుండ ఊడదీసి, మసిని తుడిచి, క్రొత్త వలయమును కూర్చుండబెట్టవలెను. ఇది తాను నలిగి సందులను పూడ్చునట్టిది. ఒకమారు నలిగినది మరల ఉబ్బదు. సైలెన్సరునకు వేలు పోసినవాడు ఈ స్వల్పమైన వలయముకడ పిసినారితనము చూపుట నాకెన్నడును అర్థము కాని విషయము. వలయము శుద్ధమైన రాగిదే యైనచో, పాతకాలపు ఫిట్టర్లు దానిని ఎర్రగా కాల్చి చల్లార్చి మరల వాడుచుండిరి; నలిగి గట్టిపడిన రాగి కాల్చినపుడు మెత్తబడును గనుక ఆ యుపాయము శాస్త్రసమ్మతమే. సందులు పూడ్చుటకు ఎర్రని సిలికాన్ పేస్టు పులుముట మాత్రము మానవలెను. దాని యావిరి తగిలి, క్రొత్త బండ్ల గొట్టమునందుండు ఆక్సిజన్ సెన్సరు చెడును.

ఇపుడు వచ్చునది యీ విద్యయొక్క మర్మము. దేనినిగాని మొదటనే పూర్తిగా బిగింపరాదు. బెండు పైపును హెడ్డున నిలిపి, నట్లను వ్రేళ్ళతో పట్టునంతవరకే త్రిప్పి, సైలెన్సరును దాని వెనుక కొసకు తొడిగి, క్లాంపును వదులుగా నుంచి, బ్రాకెట్టులో బోల్టును ఊరక దూర్చి, మొత్తమును కదలనిచ్చి, గొట్టము తనంతతాను ఏ స్థానమున నిలువగోరుచున్నదో చూడవలెను. బ్రాకెట్టు రంధ్రమును చట్రపు రంధ్రమును చేయి పెట్టకయే ఎదురెదురుగా వచ్చెనా, ఆ గొట్టము ఆ బండికి తగినది. కొన్ని మిల్లీమీటర్ల యెడమున్నదా, వాషరు వేసియో, బ్రాకెట్టు రంధ్రమును ఆకురాయితో పొడిగించియో సరిచేయవలెను. స్క్రూడ్రైవరు దూర్చి, మీటి, లాగి బోల్టు వేసినచో అప్పటికి పని ముగిసినట్లే కనబడును. ఆ లాగుడు గొట్టములో నిలిచియే యుండి, ఒంటి సిలిండరు అదురునకు తోడై, కొంతకాలమునకు ఫ్లాంజి చేరువ వెల్డింగు వద్ద చీలికగా బయటపడును. అపుడు గొట్టము నాసిరకమని అమ్మినవానిని తిట్టుదురు. వాని గొట్టము నిజముగానే నాసిరకమై యుండవచ్చును; ఐనను ఆ చీలికకు తండ్రి బిగించినవాడే.

తరువాత బిగింపు హెడ్డునుండి మొదలై వెనుకకు సాగవలెను: ముందు ఫ్లాంజి నట్లు, పిమ్మట కలయిక క్లాంపు, కడపట బ్రాకెట్టు. రెండు నట్లలో ఒకదానిని ముగించి రెండవదానికి పోరాదు. దీనికి సగము చుట్టు, దానికి సగము చుట్టు చొప్పున, ఫ్లాంజికిని హెడ్డునకును నడుమ సందు ఇరువైపుల సమముగా తగ్గునట్లు చూచుకొనవలెను. ఎనిమిది మిల్లీమీటర్ల స్టడ్డునకు సాధారణముగా 20 మొదలు 25 న్యూటన్ మీటర్ల బిగువు చాలును, ఆరు మిల్లీమీటర్లదానికి 10 ప్రాంతము. ఏ బండికి ఏ యంకె యనునది దాని సర్వీసు పుస్తకమున నుండును, అదియే ప్రమాణము. టార్కు పానా లేనివాడు పొట్టి పానాతో, మణికట్టు బలముతో ఆపుట మేలు.

పట్టాల నడుమ సందు ఏల విడుతురో యీ యూర బడిపిల్లవాడును చెప్పగలడు. నేటి వెల్డింగు పట్టాలలో ఆ సందులు అరుదైనవి గాని, ఎండకు ఇనుము సాగుటమాత్రము మానలేదు. ఎనుబది సెంటీమీటర్ల ఉక్కు గొట్టము సగటున మూడువందల డిగ్రీలు వేడెక్కినచో సుమారు మూడు మిల్లీమీటర్లు సాగును. స్టెయిన్‌లెస్ దైనచో నాలుగు. ముందు కొస హెడ్డునకు కట్టుబడియుండును గనుక ఆ సాగుడంతయు వెనుకకే పోవలెను. అందుకొరకే బ్రాకెట్టునందు రబ్బరు బుష్షును, దాని కడుపులో ఒక లోహపు గొట్టపు ముక్కయు నమర్చబడినవి: రబ్బరు సాగుడును అదురును భరించును, లోహపు ముక్క బోల్టు బిగువును తాను భరించి రబ్బరును నలుగనీయదు. పాత సైలెన్సరును మూలకు విసరునపుడు ఆ చిన్న ముక్క దానితోకూడ పోవుట సర్వసాధారణము. అది లేక బిగించిన బోల్టు రబ్బరును పిండిచేసి, గొట్టమును చట్రమునకు కట్టివేయును. కట్టుబడిన గొట్టము సాగజాలక స్టడ్డులమీద తన కసి తీర్చుకొనును.

అమరిక ముగిసెనని తలచునపుడు ఇద్దరు మనుష్యులు వెనుక సీటుమీద కూర్చుండి బండిని అణచి చూడవలెను. ఖాళీ బండికి తగులని గొట్టము, బరువుతో క్రుంగిన బండి స్వింగు ఆర్మునకు తగులవచ్చును. స్టాండు వేసి తీయవలెను. బ్రేకు పెడలును పూర్తిగా త్రొక్కవలెను. పంక్చరైననాడు వెనుక చక్రపు ఇరుసును లాగుటకు గొట్టము అడ్డు రాదు గదా యని చూడవలెను. ఇంధనపు పైపునకు ముప్పదియైదు మిల్లీమీటర్లలోపల ఎగ్జాస్టు గొట్టము ఉండరాదని కేంద్ర మోటారు వాహనముల నియమములే చెప్పుచున్నవి. మన దేశపు బండ్లలో పెక్కింటికి సైలెన్సరు కుడిప్రక్కనే యుండుటలో స్త్రీలకు మేలు గలదు. చీరకట్టిన యిల్లాలు ఎడమప్రక్కకు కాళ్ళు వ్రేలాడవైచి కూర్చుండును గనుక ఆమె పాదములకు వేడి తగులదు. యెజ్డీవంటి జోడు గొట్టముల బండ్లకు ఆ సౌకర్యము లేదు. అట్టివాని గొట్టము మార్చువాడు కంపెనీ యమర్చిన వేడిరేకును తీసి పారవేసినచో, ఇంటిలో దానికి సమాధానము చెప్పుకొనవలసివచ్చును.

2020 ఏప్రిల్ 1నుండి అమలైన బీఎస్ 6 ప్రమాణముల బండ్లకు ఈ పని మరింత సున్నితమైనది. గొట్టమునందే ఆక్సిజన్ సెన్సరు గ్రుచ్చబడి, మిగిలిన ప్రాణవాయువును కొలిచి, ఎంత పెట్రోలు చల్లవలెనో ఇంజను కంప్యూటరునకు ఎరుకపరచుచుండును. విషవాయువులను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరు ఎక్కువ బండ్లలో ఈ గొట్టముల వరుసలోనే యెచటనో దాగియుండును. గొట్టము విప్పుటకు ముందు సెన్సరు తీగను దాని కనెక్టరు వద్ద ఊడదీయవలెను. తీగ తగిలియుండగనే సెన్సరును త్రిప్పినచో తీగ మెలిపడి తెగును. కన్వర్టరును తొలగించు గొట్టమును కొనరాదని నా మాట. పాత కార్బురేటరు బండికి గొట్టము మార్చినవాడు జెట్టును సహితము సరిచూపించుకొనవలెను. కొంతదూరము నడిపిన పిమ్మట స్పార్కు ప్లగ్గు మొన లేత గోధుమవన్నెనున్నచో మిశ్రమము సరిగానున్నది, తెల్లబారినచో పెట్రోలు చాలుట లేదు, నల్లని మసి పట్టినచో మితిమీరినది.

స్టార్టు చేయుటకు ముందు గొట్టమంతయు స్పిరిటు గుడ్డతో తుడువవలెను. మెరుగు గొట్టముమీద వ్రేలిముద్రల నూనె తొలి వేడికే కాలి మరకయగును; ఆ మరక పిమ్మట ఏ పాలిషునకును లొంగదు. ఇంజను తిరుగుచుండగా ఫ్లాంజి చేరువకు సన్నని కాగితపు ముక్కను పట్టి చూచినచో, వాయువు కారుచుండెనేని అది టపటప కొట్టుకొనును. పిదప బండిని చల్లారనిచ్చి, అదే వరుసలో నట్లనన్నింటిని మరల ఒకమారు చూడవలెను; వలయము తొలి వేడికి నలిగి కూర్చుండుటచే ఎంతటి నేర్పరి బిగించినను రవంత వదులు పుట్టుట తథ్యము. ఈ రెండవ బిగింపు చేయించుకొనుటకు దుకాణమునకు మరలివచ్చువారు కొందరే. మిగిలినవారు ఫ్లాంజి చుట్టును నల్లని మసిచార కనబడినపుడు వత్తురు.

ఆక్సిలరేటరు వదలినపుడు సైలెన్సరులో టపాకాయలు ప్రేలుటను ఘనతగా తలచువారున్నారు. అది పెక్కుమారులు ముందు కొస వదులుకు గుర్తు: రెండు పేలుళ్ళ నడుమ గొట్టములో పుట్టు లాగుడు, సరిగా బిగియని సందునుండి బయటి గాలిని పీల్చుకొనును, కాలక మిగిలిన పెట్రోలు ఆవిరి ఆ గాలితో కలిసి గొట్టములోనే మండును. అదే గాలిని చూచి సెన్సరు మోసపోయి, పెట్రోలు చాలుట లేదని కంప్యూటరునకు తప్పు చెప్పగా, అది మరింత చల్లును. బెండు పైపు తొలుత పసుపువన్నెకును, పిమ్మట ఊదాకును, మూడువందల డిగ్రీల ప్రాంతమున నీలమునకును తిరుగుట ఉక్కుయొక్క సహజగుణము. కొలదిగా నీలమెక్కుట దోషము కాదు గాని, కొద్దిదినములలోనే గాఢమైన నీలము పట్టెనేని మిశ్రమము పలుచనైనదా, గాలి చొచ్చుచున్నదా యని విచారింపవలెను.

ఇంకొక శత్రువు నీరు. ఒక లీటరు పెట్రోలు కాలినపుడు రమారమి ఒక లీటరు నీరు ఆవిరిగా పుట్టును. దూరము నడచు బండిలో అది వేడికి బయటికి పోవును. తోర్వా పేటనుండి స్టేషనునకును, స్టేషనునుండి ఇంటికిని మాత్రమే తిరుగు బండిలో సైలెన్సరు పూర్తిగా కాగదు. ఆవిరి లోపలనే నీరై అడుగున నిలిచి, రేకును లోపలినుండి తినివేయును. అందుకే కంపెనీ సైలెన్సరుల అడుగున సూదిబెజ్జమంత రంధ్రముండును. అది లోపమని తలచి వెల్డింగుతో మూయించిన మహానుభావులున్నారు. క్రొత్త గొట్టమున అట్టి రంధ్రమున్నచో అది నేలవైపు తిరుగునట్లు బిగింపవలెను.

చట్టమును గూర్చి క్లుప్తముగా చెప్పుదును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన స్వరూపమును యజమాని మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు దీనినే మరింత స్పష్టముగా నొక్కి చెప్పినది. ఆ యేటి సవరణానంతరము, అనుమతిలేని మార్పునకు ఆరు నెలల వరకు కారాగారమో, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాయో, రెండునో. ధ్వని, వాయు కాలుష్య ప్రమాణములు మీరినందుకు మూడు నెలల వరకు కారాగారమో, 10,000 రూపాయల వరకు జుల్మానాయో, రెండునో, వానితోపాటు మూడు నెలలు లైసెన్సునకు అనర్హతయు. ఫ్యాక్టరీనుండి వెడలునాటికి 80 మొదలు 175 సీసీల వరకు గల బండి 77 డెసిబెళ్ళను, అంతకు పెద్దది 80 డెసిబెళ్ళను మీరరాదని 2005 ఏప్రిల్ నుండి అమలైన ప్రమాణము. విశాఖపట్టణమునను హైదరాబాదునను పోలీసులు పట్టుకొన్న గొట్టములను నడివీధిని పరచి రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యములు పత్రికలలో అందరును జూచినవే. ధ్వని కాలుష్యమును తనంత తాను విచారణకు గైకొన్న ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఈ బిలాస్‌పూరుననే యున్నదని కూడ జ్ఞప్తియందుంచుకొనుట మంచిది. తుప్పుపట్టి చిల్లులుపడిన సైలెన్సరు స్థానమున కంపెనీదియో, నియమములకు లోబడినట్లు ధ్రువపత్రము గలదియో పెట్టించుకొనువానికి ఈ భయములేవియు లేవు. నే వర్ణించిన బిగింపు విధానమంతయు వానికిని అక్షరాల వర్తించును.

చట్టము నటుంచి చూచినను, రైల్వే కాలనీకి వేరొక ధర్మము గలదు. ఇతర యూళ్ళలో రాత్రి నిద్రవేళ, పగలు పనివేళ. ఇచట ఏ గడియ చూచినను ఎవరో యొక లోకో పైలటు రాత్రి బండి దిగి వచ్చి కిటికీలకు దుప్పట్లు కట్టుకొని నిద్రించుచుండును. మరియొక గార్డు తెల్లవారుజామున మాల్‌గాడీ యెక్కుటకై సాయంకాలమే పరుండియుండును. ఒకప్పుడు కాల్‌బాయ్ వచ్చి తలుపు తట్టి లేపిన యిండ్లే యివి; నేడు ఫోను మ్రోగుచున్నది. ఆ మనుష్యుని నిద్రమీద వేల టన్నుల బొగ్గు రైలు ఆధారపడియున్నది. జాలీ తీసిన బుల్లెట్టుమీద ఆ సందున తిరుగువాడు తరచుగా అట్టి పైలటు కొడుకే యగుట చోద్యము. తన తండ్రి నిదురించు గంటలలో వాడు ఇంజను ఆపి బండిని నెట్టుకొనిపోవును. ప్రక్క క్వార్టరులో నిదురించువాని తండ్రితనము మాత్రము వానికి తోచదు.

కడపట ఒక చిన్న సంగతి. విప్పిన కంపెనీ సైలెన్సరును పాత ఇనుమువానికి అమ్మివేయక, లోపల రవంత నూనె పోసి త్రిప్పి, మూతులకు గుడ్డలు క్రుక్కి, దాని క్లాంపును, బుష్షును, ఆ లోహపు ముక్కను తీగతో దానికే కట్టి, అటకమీద నుంచవలెను. బండి నమ్ముకొనునాడు కొనువాడు మొదట అడుగునది దానినే. బదిలీయై బండిని పార్సిలులో పంపువారు పెట్రోలు ట్యాంకును ఖాళీచేసి, గోనెలతో చుట్టించి అప్పగింతురు గదా. లగేజి వ్యానులోనికి ఎక్కించునపుడును దింపునపుడును కూలీలు పట్టుకొనుటకు అనువుగా దొరకునది సైలెన్సరే యగుటచే, ఎంత చక్కగా బిగించినదైనను ఆ ప్రయాణమున బ్రాకెట్టు వంగుటయు, ఫ్లాంజి కదలుటయు కలదు. పార్సిలు ఆఫీసునుండి విడిపించుకొన్న వెంటనే, ట్యాంకులో పెట్రోలు పోయుటకు ముందే, హెడ్డు వద్ద నట్లను, వెనుక బోల్టును పానాతో ఒకమారు చూచుకొనవలెను.